పుస్తకం తప్పా, కాలు తప్పా?



సికింద్రాబాద్‌లో నా దగ్గర పియానో నేర్చుకుంటున్న పదమూడేళ్ల అమ్మాయి ఒకతె మొన్న పాఠం మధ్యలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏమైందమ్మా అన్నాను. "టీచర్, ఈ భాగమంతా పెడల్ మీంచి కాలు తీయొద్దనే కదా ఇక్కడ రాసుంది? తీయకపోతే స్వరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వినబుద్ధి కావట్లేదు. పుస్తకం తప్పా, నా కాలు తప్పా?" అని అడిగింది.

ముప్పయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇంత సూటి ప్రశ్న అరుదుగా వింటాను. కొంతమంది పిల్లలు రాసింది రాసినట్టు చేసి చెవులు మూసుకుంటారు. కొంతమంది బాగాలేదని చెప్పి రాసినదాన్ని పక్కన పెట్టేస్తారు. ఈ అమ్మాయి ఆగింది, అడిగింది. ఇవాళ నేను మాట్లాడబోయేది అలా ఆగాల్సిన చోట్ల గురించి.

ఆ పిల్ల ముందున్నది బీథోవెన్ 'మూన్‌లైట్ సొనాటా' మొదటి భాగం. మీలో చాలామంది వినే ఉంటారు. అడుగున నిదానంగా మోగే మంద్రస్వరాలు, వాటి మీద మూడేసి స్వరాలుగా సాగే అలలు, ఆ పైన ఒకే స్వరం దగ్గర ఆగి ఆగి పలికే పాట. వెన్నెల అన్న పేరు బీథోవెన్ పెట్టింది కాదు. లూడ్విగ్ రెల్‌స్టాబ్ అనే రచయిత చెప్పిన పోలిక వల్ల, ఆయన పోయాక ఆ పేరు స్థిరపడింది. 1801లో రాసి 1802లో వియన్నాలో అచ్చయిన ఆ సొనాటా తలకట్టున ఇటాలియన్‌లో ఒక సూచన ఉంది. ఈ భాగమంతా అతి సున్నితంగా, 'సెన్‌జా సోర్డినో' వాయించాలని దాని భావం.

సెన్‌జా అంటే లేకుండా. మరి సోర్డినో అంటే? పేచీ అంతా ఆ మాటతోనే. వయొలిన్ వాళ్లనడిగితే, బ్రిడ్జి మీద తగిలించి ధ్వనిని తగ్గించే చిన్న సాధనం అంటారు. పియానోలో దాని అర్థం వేరు. మూత తెరిచి లోపలికి చూస్తే తీగల మీద ఉన్ని అతికించిన చిన్న చిన్న దిమ్మలు ఆని కనబడతాయి. మెట్టు నొక్కితే దాని దిమ్మ లేస్తుంది, తీగ మోగుతుంది. వదిలితే దిమ్మ పడుతుంది, మోత ఆగుతుంది. వీటిని మేం డ్యాంపర్లంటాం. కుడివైపు పెడల్ తొక్కితే అన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయి. కాబట్టి 'సోర్డినో లేకుండా' అంటే డ్యాంపర్లు ఆనకుండా, అంటే పెడల్ తొక్కిపెట్టి అని. సంగతి తెలియనివాడు ఇదేదో వద్దంటున్నారనుకుని పెడల్ జోలికే పోడు. చేయాల్సింది దానికి సరిగ్గా తలకిందులు. కొన్నేళ్లకు బీథోవెన్ కూడా ఈ మాట వదిలేసి, ఇప్పుడు మనం చూసే 'పెడ్' అనే గుర్తుకు వచ్చాడు.

అర్థం తేలింది కదా, ఇక తొక్కిపెట్టి వాయించేస్తే సరిపోతుందా? సరిపోదని ఆ అమ్మాయి చెవే చెప్పింది. బీథోవెన్ ముందున్న పియానో మన ముందున్నది కాదు. ఆనాటి వియన్నా పియానోకి కర్ర చట్రం, సన్నటి తీగలు, తోలు తొడిగిన చిన్న సుత్తులు. డ్యాంపర్లు లేపడానికి కాలి కింద పెడల్ కూడా కాదు, మోకాలితో పైకి నెట్టే మీట ఉండేది. స్వరం పుట్టిన కాసేపటికే సన్నగిల్లిపోయేది. కొత్త స్వరం వచ్చేసరికి పాతది దాదాపు పోయి ఒక పల్చటి పొర మిగిలేది. ఇవాళ్టి కచేరీ పియానోలో ఇనప చట్రం ఉంది. తీగల బిగువంతా కలిపి లెక్కేస్తే ఇరవై టన్నుల దాకా ఉంటుంది. ఒకసారి మోగిన మంద్రస్వరం చాలాసేపు పోదు. అప్పటి సూచనని అక్షరాలా ఇక్కడ పాటిస్తే వచ్చేది అప్పటి ధ్వని కాదు.

ఇందుకు మనకో నమ్మదగిన సాక్షి ఉన్నాడు. కార్ల్ చెర్నీ చిన్నపిల్లవాడిగా బీథోవెన్ దగ్గర శిష్యరికం చేశాడు, పెద్దయ్యాక పియానో విద్వాంసుడు లిస్ట్‌కి గురువయ్యాడు. బీథోవెన్ తన మూడో కన్చెర్టోలో నిదానపు భాగాన్ని వాయించేటప్పుడు మొదటి పాటంతా పెడల్ వదలకుండా వాయించేవాడనీ, ఆనాటి బలహీనమైన పియానోల మీద అది చక్కగానే ఉండేదనీ చెర్నీ రాశాడు. అదే చెర్నీ తన పెద్దవయసులో, పియానోలు బలపడ్డాక, మూన్‌లైట్ మొదటి భాగంలో అడుగు స్వరం మారినప్పుడల్లా పెడల్ మార్చమని సలహా ఇచ్చాడు. గురువు వాయిస్తుంటే స్వయంగా చూసినవాడు, గురువు రాసినదాన్ని కొత్త వాద్యానికి తగ్గట్టు సర్దుకోమంటున్నాడు. నా దృష్టిలో అది గురుద్రోహం కాదు, గురువు కోరిన ధ్వనిని కాపాడటం.

ఆ అమ్మాయితో చేయించి చూశాం. పెడల్ పూర్తిగా తొక్కి ఒకసారి, అడుగు స్వరం మారినప్పుడల్లా పూర్తిగా మార్చి ఒకసారి. ఆ తర్వాత పెడల్ సగమే పైకి వదిలి, డ్యాంపర్లు తీగల్ని ఇట్టే తాకి మళ్లీ లేచేట్టు ఒకసారి. మూడోసారికి ఆ పిల్ల ముఖం విప్పారింది. వెనకటి స్వరం పూర్తిగా పోలేదు, అలాగని ముందు స్వరాన్ని ముంచలేదు. కాగితం మీద ఆ సగం పెడల్‌కి గుర్తేమీ లేదు.

ఇంకో విషయం చెబితే ఆశ్చర్యపోతారు. ఈ సొనాటాకి బీథోవెన్ సొంత చేత్తో రాసిన ప్రతి జర్మనీలోని బాన్ నగరంలో, ఆయన పుట్టిన ఇంట్లో భద్రంగా ఉంది. కానీ మొదటి కాగితం పోయింది. ఏ కాగితం మీద ఆ తలకట్టు సూచన ఉండాలో, సరిగ్గా అదే లేదు. మనకున్న ఆధారం మొదటి అచ్చుప్రతి ఒక్కటే.

స్వరలిపి గురించి నేను నమ్మేది ఒకటుంది. అది ఇంటివాళ్లకు రాసుకున్న ఉత్తరం. ఊరినుంచి వచ్చిన జాబులో 'పెద్దాయనకి నెమ్మదించింది' అని ఉంటే ఆ ఇంట్లో ఎవరూ ఏ పెద్దాయన అని అడగరు. నూరేళ్ల తర్వాత ఆ జాబు మనవడి కొడుకు చేతిలో పడితే, పెద్దాయనెవరో కనుక్కోవడానికి నలుగురినీ అడగాలి. అది రాసినవాడి తప్పు కాదు. ఎవరికి రాస్తున్నాడో వాళ్లకి తెలిసినదంతా వదిలేసి, తెలియనిది మాత్రమే రాశాడు. బాఖ్ సంగతి చూడండి. 1720లో తొమ్మిదేళ్ల పెద్దకొడుకు కోసం ఒక అభ్యాస పుస్తకం మొదలుపెట్టి, అందులో ఏ అలంకారపు గుర్తుని ఎలా వాయించాలో చిన్న పట్టిక రాసిచ్చాడు. ట్రిల్ అనే గుర్తు ఉంటే పై స్వరం నుంచి మొదలుపెట్టాలని ఆ పట్టిక చూపిస్తుంది. ఇంట్లో పిల్లాడి కోసం రాసుకున్న ఆ ఒక్క పట్టిక ఇవాళ ప్రపంచంలో బాఖ్ నేర్చుకునే ప్రతి పిల్లకీ దిక్కయింది.

ఇప్పుడు షోపాన్ దగ్గరికి వద్దాం. ఇది నా మనసుకి దగ్గరైన చిక్కు. ఆయన రాసిన 24 ప్రెల్యూడ్లు 1839లో అచ్చయ్యాయి. వాటిలో ఇరవయ్యోది సి మైనర్‌లో ఉంటుంది. మొత్తం 13 గదులు, అంటే బార్లు; ఒక్క పేజీ కూడా నిండదు. బరువైన స్వరసమూహాలు ఊరేగింపులా అడుగులేస్తూ పోతాయి. మూడో గదిలో చివరి స్వరసమూహం దగ్గర రెండు వందల ఏళ్లకు దగ్గరపడుతున్న తగువు ఉంది. అక్కడున్న 'ఇ' స్వరం ఫ్లాటా, నాచురలా?

మన లెక్కలో చెబుతాను. సి స్వరాన్ని షడ్జమం అనుకుంటే, ఇ ఫ్లాట్ సాధారణ గాంధారం, ఇ నాచురల్ అంతర గాంధారం. ఖరహరప్రియలో ఉండే గాంధారమా, శంకరాభరణంలో ఉండే గాంధారమా అన్నంత తేడా. రచనంతా సాధారణ గాంధారపు చీకటిలో నడుస్తోంది. మూడో గది చివర అంతర గాంధారం పలికితే ఒక్క క్షణం కిటికీ తెరిచినట్టు వెలుతురు పడి, మళ్లీ మూసుకుంటుంది. సాధారణ గాంధారమే అయితే ఆ చీకటికి విరామమే లేదు.

షోపాన్ చేతిరాతలో అక్కడ ఫ్లాట్ గుర్తు లేదు. అదే గదిలో అంతకుముందు నాచురల్ పడింది. గది ముగిసేదాకా ఆ గుర్తు చెల్లుతుందన్నది నియమం. ఆ లెక్కన అంతర గాంధారమే. అయితే షోపాన్ గుర్తులు పెట్టడం మరిచిపోయే మనిషి అని ఆయన ప్రతులు చూసిన అందరికీ తెలుసు. పైగా ఆయన శిష్యురాలు జేన్ స్టిర్లింగ్ వాడుకున్న అచ్చుప్రతిలో ఆ స్వరం ముందు పెన్సిల్‌తో ఫ్లాట్ వేసి ఉంది. పాఠం చెబుతూ చెబుతూ శిష్యుల పుస్తకాల్లో దిద్దడం ఆయనకి అలవాటు. మరి ఆ పెన్సిల్ గీత పాత పొరపాటును సవరించిందా, లేక ఆ పూట మనసు మారిందా? రచన అచ్చయ్యాక కూడా మార్చుకుంటూ పోయిన మనిషి ఆయన. పైగా ఆయన రచనలు పారిస్‌లో, లైప్జిగ్‌లో, లండన్‌లో వేర్వేరు ప్రచురణకర్తల దగ్గర అచ్చయ్యేవి. మూడింటికీ మూల ప్రతులు ఒకటి కాదు. తెలుగులో పాత కావ్యాలు పరిష్కరించినవాళ్లు పాఠాంతరం అన్న మాట ఊరికే వాడలేదు. ఒక పద్యానికి నాలుగు తాళపత్రాల్లో నాలుగు పాఠాలుంటే, ఒకదాన్ని పైన అచ్చువేసి మిగతావి కింద చూపించేవారు. షోపాన్‌కి కూడా అలాంటి పరిష్కర్తే కావాలి.

నేనేం వాయిస్తానని మీరడగవచ్చు. సాధారణ గాంధారమే వాయిస్తాను. పెన్సిల్ గీత నాకు పెద్ద సాక్ష్యం. చాలా ఏళ్లు నాచురల్ వాయించి, ఆ వెలుగుని ఎంతో ఇష్టపడి, చివరికి వదులుకున్నాను. నా శిష్యుల్లో ఒకరిద్దరు ఇప్పటికీ నాచురలే వాయిస్తారు. వాళ్లు కారణం చెప్పి వాయిస్తారు కనుక నేను దిద్దను.

గుర్తు రాసిన చేతిని కూడా చూడాలి. షూబర్ట్‌ది వేగంగా పరుగెత్తే చేయి. ముప్పయ్యొక్క ఏళ్లకే 1828లో పోయిన మనిషి, రాసింది మాత్రం కొండంత. పక్కకి తిప్పిన 'వి' ఆకారంలో ఒక గుర్తుంది. చిన్నగా ఉంటే ఆ స్వరాన్ని గట్టిగా నొక్కి పలకమని. పొడుగ్గా ఉంటే ధ్వనిని క్రమంగా తగ్గించుకుంటూ పొమ్మని. ఒకటి బలం, ఇంకొకటి తగ్గుదల. షూబర్ట్ చేతిలో ఆ చిన్నదే సాగి సాగి పొడుగుదానిలా పడేది. ఆయన 'గ్రేట్' సి మేజర్ సింఫనీ చిట్టచివరి స్వరం మీద ఉన్నది ఏ గుర్తో ఇప్పటికీ వాదన తెగలేదు. ఘనంగా ముగించాలా, మెల్లగా సద్దుమణగాలా? పియానో సొనాటాల్లో ఇలాంటివి పేజీ పేజీకీ తగులుతాయి. నేను పిల్లలకి చెప్పేదేమంటే, ఆ స్వరం దగ్గర ముందు నోటితో పాడి చూడండి. పాడే గొంతు ఎక్కడ బరువు మోపుతుందో చాలాసార్లు దానికే తెలుస్తుంది.

ఈ సందర్భంలో నా చిన్నతనపు సంగతి ఒకటి చెప్పాలి. షూబర్ట్ ఇంప్రాంప్టు ఒకటి నేను చౌకగా దొరికిన పాత పుస్తకంలోంచి జి మేజర్‌లో నేర్చుకున్నాను. రెండేళ్లు ప్రాణం పెట్టి సాధన చేశాను. కాలేజీ రోజుల్లో ఒక మంచి ప్రతి చూసి నిర్ఘాంతపోయాను. షూబర్ట్ దాన్ని రాసింది జి ఫ్లాట్‌లో, ఆరు ఫ్లాట్లతో. ఆయన పోయిన దాదాపు ముప్పయ్యేళ్లకు, 1857లో అచ్చువేసిన ప్రచురణకర్త, అన్ని ఫ్లాట్లు చూస్తే జనం భయపడతారనుకున్నాడు కాబోలు, శ్రుతి మార్చేశాడు. గదుల కొలత కూడా మార్చాడు. దీర్ఘంగా ఊపిరి తీసుకోవలసిన పాట పొట్టి అడుగులు వేసింది. ఆ మార్పుల గురించి నా పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ఆనాడు నాకు కలిగిన బాధ నా దగ్గర నేర్చుకునే ఏ పిల్లకీ కలగకూడదన్నది నా పట్టుదల.

బీథోవెన్ హామర్‌క్లావియర్ సొనాటాలో కూడా, 1819లో అచ్చయిన ప్రతుల్లో, ఒక నాచురల్ గుర్తు లేకపోవడం వల్ల షోపాన్ 'ఇ' స్వరం లాంటి తగువే ఉంది. మొదటి భాగంలో అసలు శ్రుతి తిరిగి రాబోయే ముందు వచ్చే 'ఎ' స్వరం షార్పా, నాచురలా అని. మన భాషలో చెబితే, అది షడ్జమానికి చేరబోయే కాకలి నిషాదమా, లేక అప్పుడే షడ్జమమా? సొంత చేతిరాత ప్రతి దొరకలేదు. మహా వాద్యకారులు రెండు పక్షాలుగా చీలిపోయారు.

ఇలాంటి గుర్తుల తగువుల గురించి చదివినప్పుడల్లా నాకు మన సుబ్బరామ దీక్షితులు గుర్తొస్తారు. 1904లో ఎట్టయపురంలో, తెలుగు లిపిలో అచ్చయిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఆయన గ్రంథం. అంతకుముందు మద్రాసులో ఎ.ఎమ్. చిన్నస్వామి మొదలియార్ మన కృతుల్ని యూరోపియన్ స్వరలిపిలోకి ఎక్కించే పనికి పూనుకున్నారు, 1893లో ఆ వరుస పుస్తకాలు వెలువడ్డాయి. దీక్షితులు తన దగ్గరున్నదంతా లోకానికి ఇవ్వడం వెనక మొదలియార్ ప్రోత్సాహం ఎంతో ఉంది. ఆ గ్రంథంలో కంపితానికీ, జారుకూ, స్ఫురితానికీ వేర్వేరు గుర్తులు పెట్టి, ప్రతిదానికీ వివరణ రాశారు. గురుముఖతః నేర్చుకునే విద్యకి గుర్తులు పెట్టడమెంత కష్టమో తెలిసి చేసిన పని అది. అయినా ఇవాళ ఆ పుస్తకం తెరిచి కంపితపు గుర్తు చూసి, ఆ గమకం ఎన్నడూ వినని మనిషి దాన్ని పలికించలేడు. వీణ ముందు కూర్చున్న గురువు ఒక్కసారి తీగ లాగితే తెలుస్తుంది. పియానో పుస్తకం పరిస్థితీ అదే. మన దగ్గర గురువు బతికి ఉన్నాడు. బీథోవెన్ ఇంటి గురుపరంపర మన చేతికొచ్చేసరికి చెర్నీలాంటి వాళ్ల కాగితాలుగా మిగిలింది.

ఒక్క చోట మాత్రం అదృష్టం కలిసొచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన క్లోద్ దెబ్యుసి 1910లో మొదటి ప్రెల్యూడ్ల సంపుటం వెలువరించాడు. అందులో సముద్రంలో మునిగిపోయిన దేవాలయం గురించి ఒక రచన ఉంది. నీటి అడుగునుంచి గంటలు మోగుతాయి, పొగమంచు చీల్చుకుని దేవాలయం పైకి లేస్తుంది, మళ్లీ మునిగిపోతుంది. పుస్తకంలో ఉన్నదున్నట్టు లెక్కపెడితే, దేవాలయం పైకి లేచిన ఆ మహత్తరమైన చోట పాట ఒక్కసారిగా సగం వేగానికి పడిపోయి ఈడ్చుకుపోతుంది. ఎన్నో ఏళ్లు ఎంతోమంది అలాగే వాయించారు, అదే గాంభీర్యమనుకున్నారు. కానీ దెబ్యుసి స్వయంగా ఈ రచనని వెల్టే కంపెనీ యంత్రం మీద, కాగితపు చుట్టలో చిల్లులుగా నమోదయ్యేట్టు వాయించి ఉంచాడు. ఆ చుట్ట తిప్పి వింటే, ఆ చోట ఆయన లెక్కని రెట్టింపు వేగం చేస్తున్నాడు. పైన వేసిన తాళపు గుర్తులోనే ఆ సూచన దాగి ఉందని అప్పుడు తెలిసింది. చుట్ట తిరిగే వేగాన్ని పూర్తిగా నమ్మలేం అంటారు కొందరు, నిజమే. మొత్తం వేగం అటూ ఇటూ కావచ్చు. ఒక చోటికీ ఇంకో చోటికీ ఉన్న నిష్పత్తి మాత్రం చుట్ట మార్చలేదు. రచయిత చేతులే అక్కడ సాక్ష్యం చెప్పాయి.

చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఉర్‌టెక్స్ట్ అని జర్మన్ పేరుతో మూలపాఠపు ప్రచురణలు దొరుకుతున్నాయి. పరిష్కర్త సొంతంగా చేర్చినవి కుండలీకరణాల్లోనో, చిన్న అక్షరాల్లోనో వేరుగా చూపిస్తారు. చివరి పేజీల్లో ఏ ప్రతిలో ఏముందో రాస్తారు. ఆ చివరి పేజీలు చదవని వాళ్లే ఎక్కువ. అవి చదవకపోతే ఖరీదైన పుస్తకం కొని కూడా ఉపయోగం లేదు. ఇంటర్నెట్‌లో మొదట కనబడిన ప్రతిని అచ్చుతీసుకొని పరీక్షకు సిద్ధమయ్యే పిల్లల్ని రోజూ చూస్తున్నాను. వంద పైచిలుకు ఏళ్ల నాడు ఎవరో సంపాదకుడు తన అభిరుచి కొద్దీ చేర్చిన గుర్తుల్ని, బీథోవెన్ ఆజ్ఞలనుకుని భయభక్తులతో పాటిస్తున్నారు.

అందుకే మీ ఇంట్లో పియానో నేర్చుకునే పిల్లలుంటే, ఈ వారం వాళ్ల పుస్తకం ఒకసారి తెరవండి. మొదటి పేజీలో పరిష్కర్త పేరుందో లేదో చూడండి. లేకపోతే గురువుగారినడిగి పేరున్న ప్రతి ఒకటి సంపాదించండి. అనుమానమున్న గుర్తు దగ్గర పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టమనండి. ఇంకా ఓపికుంటే బాన్‌లోని బీథోవెన్ హౌస్ వారు ఆయన చేతిరాత ప్రతుల చిత్రాలు అందరూ చూసేలా ఉంచారు, అవి చూపించండి. మొదట చెప్పిన ఆ అమ్మాయి వెతికి చూసింది. మొదటి కాగితం లేని ఆ సొనాటా కూడా అక్కడే ఉంది.